కిలోలు కాదు, కిలోమీటర్లు లెక్కపెడదాం!

మా వంటింటి తలుపు వెనక ఒక క్యాలెండరు వేలాడుతూ ఉంటుంది. పాలవాడు ఎన్ని రోజులు నాగా పెట్టాడో, గ్యాసు బండ ఎప్పుడు మార్చానో, చీటీ పాట ఏ తారీఖో అన్నీ దాని మీదే. ఏడాదిన్నర క్రితం ఆ గడుల్లో ఇంకో అంకె కూడా చేరింది. అది నా బరువు. పొద్దున్నే లేచి, మొహం కడుక్కోకముందే బరువు మిషన్ ఎక్కడం, ఆ అంకెను ఎర్ర పెన్నుతో గడిలో రాయడం. 200 గ్రాములు తగ్గితే ఆ రోజు ఇంట్లో అందరికీ పెసరట్లు. 300 గ్రాములు పెరిగితే పిల్లల మీద కసుర్లు. 'ఇదేం పిచ్చమ్మా' అని నవ్వకండి. మీలో ఎంతమంది ఇళ్లల్లో మంచం కింద ఆ మిషన్ లేదో చెప్పండి చూద్దాం!

ఆ క్యాలెండరు సంగతి మళ్ళీ చెబుతాను. ముందు పరుగు సంగతి.

నాకు 36 ఏళ్లప్పుడు పరగడుపున చేయించిన రక్తపరీక్షలో షుగరు గీత దగ్గరికొచ్చింది. 'నడవండి' అన్నారు డాక్టరుగారు. మాది రాజమండ్రి. తెల్లవారకుండానే ఆర్ట్స్ కాలేజీ గ్రౌండుకి వెళ్ళి నడవడం మొదలుపెట్టాను. అక్కడ పరిచయమైంది బ్యాంకులో పనిచేసే వదిన. వయసు 52. చూడ్డానికి నిండుగా ఉంటుంది. మనం నడుస్తుంటే ఆవిడ పక్కనుంచి పరిగెత్తుకుంటూ వెళ్ళిపోయేది, ఏదో మార్కెట్‌కి వెళ్ళొచ్చినంత తేలిగ్గా. ఒకరోజు ఆగి, "ఒక్క రౌండు నాతో రా అమ్మా, ఏం కాదు" అంది.

చెప్పొద్దూ, ఆ రోజు సగం రౌండు కూడా పూర్తి చేయలేకపోయాను. అంతకుముందు ఆఖరిసారి నేను పరిగెత్తింది డిగ్రీ చదివేటప్పుడు, బస్సు కోసం. కానీ రోజూ కాస్త కాస్త పెంచుకుంటూ పోతే నాలుగు నెలలకి 5 కిలోమీటర్లు 42 నిమిషాల్లో పరిగెత్తగలిగాను. ఆ సంతోషం మీకెలా చెప్పను! పొద్దున ఆ కాసేపు నేను ఎవరికీ కాఫీ కలపక్కర్లేదు. ఎవరి సాక్సు ఎక్కడుందో వెతకక్కర్లేదు. రాయలేక ఆగిపోయిన కథలకి ముగింపులు కూడా ఆ గ్రౌండులోనే దొరికేవి. అప్పటికి నా బరువు 68 కిలోలు. ఆ సంగతి నాకు గుర్తే లేదు.

గుర్తుచేసిన పుణ్యాత్ముడు వేరే ఉన్నాడు.

36 శాతం!

విశాఖలో బీచ్ రోడ్డు మీద 10 కిలోమీటర్ల పరుగు ఉందంటే దానికి తయారవుదామని ఊళ్ళో ఒక ఫిట్‌నెస్ సెంటర్‌కి వెళ్ళాను. పాతికేళ్ళు కూడా నిండని కుర్రాడు. చెప్పులు విప్పించి ఇనప పలకలున్న ఒక యంత్రం ఎక్కించాడు. కాగితం బయటికొచ్చింది. "మేడమ్, మీ ఒంట్లో కొవ్వు 36 శాతం. బీఎంఐ 27 దాటింది. ముందు ఒక 12 కిలోలు తగ్గండి. పరుగు తర్వాత చూద్దాం. ఇలాగే పరిగెడితే మోకాళ్ళు పోతాయి" అన్నాడు. అన్నం మానేయాలి, రాత్రికి సూపు తాగాలి అని ఒక చార్టు ఇచ్చాడు. నా నెలసరి ఎలా ఉంది, రక్తం ఎంత ఉంది, రాత్రి నిద్ర పడుతోందా - ఈ మూడింటిలో ఒక్కటీ అడగలేదు. అడగాలని అతనికీ తెలియదు, చెప్పాలని నాకూ తెలియదు.

అదిగో, అప్పుడు మొదలైంది క్యాలెండరు మీద ఎర్ర అంకెల కథ. నాలుగు నెలల్లో 68 నుంచి 61కి దిగాను. పెళ్ళిళ్ళలో చుట్టాలంతా చుట్టూ చేరి "ఎంత చిక్కిపోయావే, ఏం చేశావేంటి?" అని అడిగేవారు. మా చిన్నప్పుడు అమ్మమ్మ 'చిక్కిపోయావేమే' అందంటే కళ్ళల్లో నీళ్ళుండేవి, వెనకే నేతిగిన్నె వచ్చేది. ఇప్పుడు అదే మాట మెచ్చుకోలు అయిపోయింది. మాట అదే, అర్థమే తిరగబడింది.

మరి పరుగు? 42 నిమిషాల 5 కిలోమీటర్లు 48 నిమిషాలకి వచ్చింది. బరువు తగ్గినకొద్దీ వేగం పెరగాలి కదా, నాకేమో మేడమెట్లు ఎక్కితేనే ఆయాసం. దువ్వెన నిండా జుట్టు. రెండు నెలలు నెలసరి రాలేదు. 'అప్పుడే ఆగిపోతోందా' అని లోలోపల భయం, ఎవరికీ చెప్పుకోలేని సిగ్గు. ఒకరోజు గ్రౌండులో కళ్ళు తిరిగి కూలబడిపోయాను. వదిన పరిగెత్తుకొచ్చి, తన సంచిలోంచి పల్లీ ఉండ తీసి నోట్లో పెట్టింది. నాలుగు నెలల తర్వాత నా నాలిక్కి తగిలిన బెల్లం అది. ఏడుపొచ్చేసింది.

డాక్టరమ్మ రక్తం పరీక్ష చేయించింది. హిమోగ్లోబిన్ 8.6. ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న "ఏం తింటున్నారు?" అని. చార్టు చూపించాను. ఆవిడ దాన్ని మడిచి నాకే ఇచ్చేసి, "ఇది తిని ఇంట్లో పని చేయడమే కష్టం. మీరు దీంతో 5 కిలోమీటర్లు పరిగెడుతున్నారా?" అంది.

ఇంటికొచ్చి ఆ ఫిట్‌నెస్ సెంటర్ కాగితాలే ముందేసుకుని లెక్క చూసుకున్నాను. 68 కిలోలప్పుడు కొవ్వు 36 శాతం అంటే దాదాపు 24 కిలోల 500 గ్రాములు. 61 కిలోలప్పుడు అదే యంత్రం 35 శాతం చూపించింది, అంటే 21 కిలోల పైచిలుకు. తగ్గిన 7 కిలోల్లో కొవ్వు 3 కిలోలే! మిగతా 4 కిలోలూ కండ, నీరు. యంత్రం మాటే నమ్మినా, పరిగెత్తడానికి కావలసిందాన్ని వదిలేసుకుని, వద్దనుకున్నదాన్ని చాలావరకు అట్టేపెట్టుకున్నానన్నమాట.

పెన్సిలుతో రాసిన అంకె

ఇంత జరిగాక కూడా నేను మిషన్ ఎక్కడం మానలేదు. మాన్పించింది మా అమ్మాయి.

దానికి 15 ఏళ్ళు. పదో తరగతి. బడిలో ఖోఖో ఆడుతుంది. ఒక ఆదివారం పాలవాడి లెక్క చూద్దామని క్యాలెండరు తీస్తే, నా ఎర్ర అంకెల కింద గడి మూలల్లో పెన్సిలుతో సన్నగా రాసిన ఇంకో వరస కనిపించింది. 47.2. 46.9. 46.5. కళ్ళద్దాలు పెట్టుకుని మళ్ళీ చూశాను. మూడు వారాలుగా ఉన్నాయి.

"ఏంటే ఇది?" అన్నాను. మాట్లాడలేదు. "చెప్పమ్మా, తిట్టను" అంటే అప్పుడంది: "నువ్వు రాసుకుంటున్నావుగా అమ్మా. నీ అంకె తగ్గిన రోజు నువ్వు బాగుంటావు. నాది కూడా తగ్గితే బాగుంటుందనుకున్నా." టిఫిన్ బాక్సులో పెరుగన్నం స్నేహితురాలికి ఇచ్చేస్తోందట. 160 సెంటీమీటర్ల ఎత్తున్న పిల్లకి 46 కిలోలు ఎక్కువని ఎవరు చెప్పారు? నేనే చెప్పాను. నోటితో కాదు, రోజూ పొద్దున్నే ఆ మిషన్ ఎక్కి, దిగి, మొహం మాడ్చుకుని చెప్పాను.

ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. మా అమ్మ నాకు నేర్పిన వాటిలో ముగ్గు ఉంది, ఆవకాయ పాళ్ళు ఉన్నాయి. నేను నా కూతురికి నేర్పింది ఇదా? మర్నాడు మా వారితో చెప్పి మిషన్ అటకెక్కించేశాను.

ఎవరి కొలతలు ఎవరికి?

తర్వాత ఈ బీఎంఐ అనేది ఎక్కడినుంచి వచ్చిందా అని చదివాను. కిలోల్లో బరువుని, మీటర్లలో ఎత్తు వర్గంతో భాగిస్తే వచ్చే అంకె ఇది. 19వ శతాబ్దంలో బెల్జియంకి చెందిన అడాల్ఫ్ క్వెట్లె అనే ఆయన కనిపెట్టిన లెక్క. ఆయన వైద్యుడు కాదు, గణితవేత్త. 'సగటు మనిషి' ఎలా ఉంటాడా అని చూశాడు తప్ప ఎవరినీ సన్నబడమనలేదు. దానికి ఇప్పుడున్న పేరు పెట్టింది అమెరికన్ శాస్త్రవేత్త ఆన్సెల్ కీస్, 1972లో. ఆయన తన పరిశోధనలో తీసుకున్నవాళ్ళు వేలమంది, అందరూ మగవాళ్లే! ఇదీ ఆ అంకె పుట్టుక.

పైగా ఆ అంకె లోపలున్నది కండో కొవ్వో చెప్పలేదు. దీనికి మంచి ఉదాహరణ ఉంది. పుణెకి చెందిన డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్‌కి చెందిన డాక్టర్ జాన్ యుడ్కిన్ ఇద్దరి బీఎంఐ సరిగ్గా ఒకటే, 22.3. కానీ కొవ్వు కొలిస్తే యుడ్కిన్‌గారికి 9.1 శాతం, మన యాజ్ఞిక్‌గారికి 21.2 శాతం. 2004లో 'లాన్సెట్' పత్రికలో వాళ్ళిద్దరూ తమ ఫొటోలతో సహా దీన్ని అచ్చేశారు. చూడ్డానికి సన్నగానే ఉంటాం, లోపల కొవ్వు ఎక్కువ. మన భారతీయుల తీరు అది. అందుకే మనకి బీఎంఐ 23 దాటితేనే అధిక బరువు అనే హద్దు పెట్టారు. మొన్న 2025 జనవరిలో అంతర్జాతీయ నిపుణుల కమిషన్ ఒకటి, బీఎంఐ ఒక్కదాన్నే పట్టుకుని ఊబకాయం తేల్చొద్దు, నడుము కొలత వంటివి కూడా చూడండని చెప్పింది. మన ఆడవాళ్ళకి నడుము 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్తపడాలి. దర్జీ టేపు చాలు దీనికి.

మరి ఆ ఇనప పలకల యంత్రం? ఒంట్లోకి అతి సన్నని కరెంటు పంపి, అది ఎంత సులువుగా పారుతోందో చూసి కొవ్వుని అంచనా వేస్తుంది. నీరున్నచోట కరెంటు సులువుగా పోతుంది, కొవ్వున్నచోట పోదు. అంటే పరిగెత్తి చెమటోడ్చి ఎక్కితే ఒక అంకె, చెంబెడు నీళ్ళు తాగి ఎక్కితే ఇంకో అంకె. నెలసరికి ముందు ఒళ్ళు నీరు పట్టినప్పుడు మరొకటి. అది అంచనా మాత్రమే, తీర్పు కాదు. ఇంకో మాట. ఆడవాళ్ల శరీరానికి కొవ్వు మగవాళ్లకంటే ఎక్కువే కావాలి. ప్రాణం సజావుగా నడవడానికే మగవాళ్లకి 3 శాతం చాలితే మనకి 12 శాతం దాకా అవసరం. గర్భం, పాలు, నెలసరి అన్నీ దానిమీదే ఆధారపడ్డాయి. మగవాళ్ల లెక్క పక్కన పెట్టి చూసుకుని మనల్ని మనం తక్కువ చేసుకోవడం ఎందుకు?

సన్నబడొద్దా మరి?

'అయితే బరువు తగ్గొద్దంటావా' అని మీరు అడుగుతారు. అలా అనను. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 36 శాతం, తెలంగాణలో 30 శాతం మంది అధిక బరువుతో ఉన్నారు. షుగరు, బీపీ మన ఇళ్లల్లో చుట్టాల్లా తిష్ఠ వేశాయి. బరువుకీ మోకాళ్లకీ సంబంధం కూడా నిజమే. కీళ్లనొప్పులున్న పెద్దవాళ్ల మీద చేసిన ఒక పరిశోధనలో, ఒక కిలో తగ్గితే నడకలో అడుగు అడుగుకీ మోకాలి మీద 4 కిలోల భారం తగ్గుతుందని తేలింది. మోయాల్సింది తక్కువైతే పరుగు తేలికే.

కానీ అదే సర్వేలో ఇంకో అంకె ఉంది. రెండు రాష్ట్రాల్లోనూ సగానికి పైగా ఆడవాళ్లకి రక్తహీనత! లావుగా ఉన్నావంటారు, ఒంట్లో రక్తం లేదంటారు. రెండూ నిజమే. అలాంటి మనిషికి 'తిండి మానేయ్' అనడం వైద్యమా? మన ఇళ్లల్లో ఆడవాళ్లు కడుపు మాడ్చుకోవడం కొత్తేం కాదు. అందరూ తిన్నాక గిన్నెలో మిగిలింది తినేవాళ్ళం. అప్పుడు దాన్ని త్యాగం అన్నారు. ఇప్పుడు డైట్ అంటున్నారు. పేరు మారింది, పస్తు మారలేదు.

పరిగెత్తేవాళ్లు పస్తుంటే ఏమవుతుందో అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ నిపుణులు 2014లోనే చెప్పారు. చేసే శ్రమకి తగ్గ తిండి పడకపోతే శరీరం ముందు నెలసరిని ఆపేస్తుంది, తర్వాత ఎముకల్ని గుల్ల చేస్తుంది, రోగాలని ఆపే శక్తిని తగ్గిస్తుంది. అమెరికాలో మేరీ కెయిన్ అనే అమ్మాయి చిన్న వయసులోనే గొప్ప పరుగుల రాణి అని పేరు తెచ్చుకుంది. బరువు తగ్గు, ఇంకా తగ్గు అని పోరితే తగ్గింది. మూడేళ్లు నెలసరి రాలేదు, ఐదు ఎముకలు విరిగాయి. 2019లో ఆ అమ్మాయే బయటికొచ్చి చెప్పింది. అంత పెద్ద శిక్షకులూ, వైద్యులూ చుట్టూ ఉన్న పిల్లకే అలా అయితే, కాగితం మీద చార్టు తప్ప ఇంకేమీ లేని మన గతేంటి?

పరుగుతోనే కొవ్వంతా కరిగిపోతుందన్న ఆశా వద్దు. కిలోమీటరుకి కిలో బరువుకి సుమారు ఒక కేలరీ ఖర్చవుతుంది. 64 కిలోల మనిషి 5 కిలోమీటర్లు పరిగెడితే 320 కేలరీలు. కిలో కొవ్వు కరగాలంటే దాదాపు 7,700 కావాలి. అంటే 24 రోజులు పరిగెత్తాలి, 120 కిలోమీటర్లు! మా రాజమండ్రి నుంచి బయల్దేరితే అన్నవరం దాటి ఇంకా చాలా దూరం పోవాలి. ఒక్క వారంలో మిషన్ మీద ఫలితం చూడాలనుకుంటే నిరాశ తప్పదు. గుండెకి, ఊపిరితిత్తులకి, షుగరుకి, నిద్రకి జరిగే మేలు మాత్రం మిషన్ కదలకపోయినా జరుగుతూనే ఉంటుంది.

ఇంకో సంగతి చెబితే ఆశ్చర్యపోతారు. 1967లో బోస్టన్ మారథాన్‌లో పరిగెడుతున్న క్యాథరిన్ స్విట్జర్‌ని ఒక అధికారి మధ్యలో పట్టుకుని లాగేయబోయాడు. ఆడవాళ్ల ఒళ్ళు అంత దూరానికి తట్టుకోదన్నది అప్పటి నమ్మకం. ఒలింపిక్స్‌లో ఆడవాళ్లకి మారథాన్ పెట్టింది 1984లో. ఆనాడు 'నీ ఒళ్ళు బలహీనం, పరిగెత్తకు' అన్నారు. ఈనాడు 'నీ ఒళ్ళు లావు, తగ్గాక పరిగెత్తు' అంటున్నారు. ఎప్పుడైనా ముందు మన ఒంటిని తప్పుపట్టాకే దారి వదలడం!

ఇప్పుడెలా ఉన్నానంటే...

డాక్టరమ్మ ఇనుము మాత్రలు రాసింది. అన్నం మళ్ళీ కంచంలోకొచ్చింది, పప్పు, ఆకుకూర, గుడ్డుతో సహా. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం కిలో బరువుకి రోజుకి 0.83 గ్రాముల మాంసకృత్తులు కావాలి. నాకు 53 గ్రాములన్నమాట. ఒక గుడ్డులో ఉండేది 6 గ్రాములే. మన అన్నం-చారు భోజనంలో అది అందదని అప్పుడు తెలిసింది. భోజనం వెంటనే టీ తాగడం మానేశాను. అది ఇనుముని ఒంటికి పట్టనివ్వదట. ఆకుకూర మీద నిమ్మకాయ పిండుకుంటే బాగా పడుతుందట. వారానికి రెండు రోజులు ఇంట్లోనే గుంజీళ్ళు తీస్తూ, నీళ్ళ సీసాలు ఎత్తుతూ కండకి పని పెట్టాను. పరుగు నాలుగు రోజులే.

ఆరు నెలలు పట్టింది. హిమోగ్లోబిన్ 11.8కి వచ్చింది. నెలసరి మామూలైంది. డాక్టరమ్మ దగ్గర తూచుకుంటే 64 కిలోలు. బీఎంఐ 26, అంటే ఆ కుర్రాడి లెక్కలో ఇంకా ఫెయిలే! కానీ నడుము 6 సెంటీమీటర్లు తగ్గింది. 5 కిలోమీటర్లు 38 నిమిషాలు. 61 కిలోలప్పటి నాకంటే 64 కిలోల నేను 10 నిమిషాలు ముందుంటాను!

ఆ ఏడాది విశాఖ వెళ్ళాను, వదినతో కలిసి. చీకటితోనే బీచ్ రోడ్డంతా జనం. నిర్వాహకులిచ్చిన టీ-షర్టు మా ఇద్దరికీ పట్టలేదు, అదో ముచ్చట. 10 కిలోమీటర్లు గంటా 21 నిమిషాల్లో పూర్తి చేశాను. ఎత్తు ఎక్కేచోట పుల్లల్లాంటి కుర్రాళ్ళు ఆగి రొప్పుతుంటే, మా వదిన వాళ్ళ పక్కనుంచి చిన్నచిన్న అడుగులతో వెళ్ళిపోయింది. ఆవిడ బరువెంతో నాకిప్పటికీ తెలియదు. అడగాలనిపించలేదు.

క్యాలెండరు ఇంకా ఉంది. గడుల్లో అంకెలూ ఉన్నాయి. కాకపోతే ఇప్పుడవి కిలోమీటర్లు. మా అమ్మాయి కూడా రాస్తుంది, పెన్నుతోనే. అంతా సర్దుకుందని చెప్పను. అప్పుడప్పుడూ అద్దం ముందు పక్కకి తిరిగి నిలబడి, "అమ్మా, నేను లావయ్యానా?" అంటుంది. ఆ ప్రశ్న పోవడానికి చాలా కాలం పడుతుంది, నేను దాన్ని ఏడాదిపాటు పెంచి పోషించాను కదా! "ఖోఖోలో ఎవరికైనా దొరికావా?" అని అడుగుతాను. "లేదు" అని నవ్వుతుంది. పెరుగన్నం బాక్సు ఖాళీగా వస్తోంది. అది స్నేహితురాలి పొట్టలోకి పోవడంలేదని నమ్ముతున్నాను.

కాబట్టి నా మనవి ఇదీ. పరుగు నేర్పే అబ్బాయిలూ, అమ్మాయిలూ! ఒక ఆడమనిషి మీ దగ్గరికొస్తే మిషన్ ఎక్కించేముందు రక్తం ఎంతుందో, నెలసరి వస్తోందో, కడుపు నిండా తింటోందో అడగండి. చుట్టాలూ, స్నేహితులూ! మనిషి కనబడగానే 'ఒళ్ళు చేశావే', 'చిక్కావే' అనడం మానేసి 'ఎలా ఉన్నావు?' అనండి, చాలు. ఇక మనం. షుగరో, థైరాయిడో, గుండె జబ్బో ఉంటే డాక్టరుని అడిగి, లేకపోతే రేపే, చెప్పులు వదిలేసి బూట్లు వేసుకుందాం. సన్నబడ్డాక పరిగెడదాం అనుకుంటే ఆ రోజు రాదు. ఇప్పుడున్న ఒంటితోనే, ఇంత అన్నం తిని, ఒక్క రౌండు. మిగతాది గ్రౌండే నేర్పుతుంది.

మీ క్యాలెండరు మీద ఏ అంకె రాస్తున్నారో ఒకసారి చూసుకోండి. మీ వెనక ఎవరు పెన్సిలు పట్టుకుని నిలబడ్డారో కూడా చూసుకోండి.